బోల్టుకు తగ్గ పానా పట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

తెనాలిలో 28 ఏళ్లుగా టూవీలర్ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. బోల్టులను మితిమీరి బిగించడం వల్ల మా పనిలో రోజూ జరుగుతున్న ఒక నష్టం గురించి మీ పాఠకులకు, ముఖ్యంగా నా తోటి మెకానిక్‌లకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన వారం పాలు పోసే ఒకాయన బండి తోసుకుంటూ వచ్చాడు. ఇంజిన్ కింద నుంచి ఆయిల్ కారిపోతోంది. పాత ఆయిల్ దించేందుకు విప్పే డ్రెయిన్ బోల్టుకు పానా వేస్తే ఊరికే తిరుగుతోంది గానీ బిగుసుకోదు, ఊడి రాదు. మెల్లగా కిందికి లాగుతూ తిప్పితే చేతిలోకి వచ్చేసింది. దాని చుట్టూ తెల్లటి అల్యూమినియం తీగ చుట్టలు చుట్టుకుని ఉంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో, బోల్టు పట్టుకోవడానికి ఉండాల్సిన మర మొత్తం అలా ఊడొచ్చింది.

"ఆయిల్ మార్పించినప్పుడల్లా చుక్కచుక్క కారేదన్నా, ఈసారి గట్టిగా బిగించమని నేనే చెప్పాను" అన్నాడు. చెప్పినట్టే పానాకు ఇనప పైపు తొడిగి మరీ బిగించారట. అసలు కారింది వాషర్ మార్చకపోవడం వల్ల. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా అతుక్కోదు, ఎంత బిగించినా అంతే. పది ఇరవై రూపాయల వాషర్‌తో పోయేది, చాంబర్ విప్పి లేత్ షాపులో కొత్త మర ఉన్న బుష్ వేయించేదాకా వచ్చింది. రెండు రోజులు ఆయన పాల క్యాన్లు అద్దె ఆటోలో తిరిగాయి. ఆ మనిషి మొహం చూస్తే నాకు బాధేసింది.

బోల్టు ఉక్కుది, చాంబర్ అల్యూమినియంది. మితిమీరి బిగిస్తే ముందు పోయేది చాంబర్ మరే. 17 నంబర్ పానా పట్టే డ్రెయిన్ బోల్టుకు చాలా బండ్లలో 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే పాతిక సెంటీమీటర్ల పానా చివర పది కిలోల బలం. పైపు తొడిగి పొడవు రెండింతలు చేస్తే, చెయ్యి అదే అయినా బిగింపు రెండింతలు అవుతుంది. సైడ్ కవర్ల 6 ఎం.ఎం. బోల్టులకైతే 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోవాలి. 10 నంబర్ పానా జానెడు కూడా ఉండదు, ఆ బోల్టుకు తగ్గట్టే దాని పొడవు పెట్టారు. పొడుగాటి రాచెట్‌కు 10 నంబర్ సాకెట్ తగిలించి లాగితే ఆ లెక్కంతా పోతుంది. నాకు పని నేర్పిన మేస్త్రి చిన్న బోల్టులకు పానా చివర పట్టుకోనిచ్చేవారు కాదు. మెడ దగ్గర మూడు వేళ్లతో పట్టుకోమనేవారు. కొత్త స్పార్క్ ప్లగ్‌ను ఆనేదాకా వేళ్లతోనే తిప్పించి, ఆ తర్వాత పానాతో అర చుట్టు, అంతే.

కార్ల టైర్ షాపుల్లో వాడే గాలి గన్ను చక్రాల నట్లు విప్పడానికి మంచిదే. బిగించేటప్పుడు మాత్రం నట్టు ఆనేదాకా వాడి, ఆఖరి బిగింపు, ఎంత బిగించామో కొలిచి చెప్పే టార్క్ రెంచితో వేయండి. చిన్న కార్లకు చాలావరకు 100 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా సరిపోతుంది. గన్నుతో అదేపనిగా కొట్టిన నట్టు డిక్కీలో ఉండే పానాకు కదలదు. మా చెల్లెలు, బావగారు రాత్రిపూట రేపల్లె దారిలో పంక్చరై, స్టెప్నీ ఉండి కూడా గంటసేపు రోడ్డు మీద నిలబడ్డారు.

నాలుగేళ్ల కిందట నేనూ టార్క్ రెంచి కొన్నాను. అంకె పెట్టుకుని బిగిస్తుంటే 'టిక్' అంటుంది, అక్కడ ఆపేయాలి. దాంతో బోల్టులు విప్పకూడదు. పనయ్యాక కనీస అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగ్ పాడై లెక్క తప్పుతుంది.

మా షాపులో చేరే కుర్రాళ్లకు మొదటి వారమే ఒక పాత చాంబర్ ఇచ్చి, మర పోయేదాకా బోల్టు బిగించమంటాను. బిగుతు పెరుగుతూ పెరుగుతూ వచ్చి, ఒక్కసారిగా పానా మెత్తబడుతుంది. ఆ మెత్తదనం చేతికి తెలియాలి. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ పిల్లల చేత ఈ పని ఒక్కసారైనా చేయించమని మాస్టార్లను వేడుకుంటున్నాను. పాత చాంబర్లు స్క్రాప్ షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతాయి.

– ఒక టూవీలర్ మెకానిక్, తెనాలి