మా ఆయన నిద్రను కనిపెట్టుకుని ఉన్నవాళ్లకు

మా ఆయన లారీ డ్రైవరు. అనంతపురం మండీలో చీనీకాయల లోడు ఎత్తుకుని నాగపూర్‌కు, ఒక్కోసారి ఢిల్లీ దాకా పోతారు. ఆయనకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉందని తేలింది. పోయిన ఏడాదంతా ఆయన ఆరోగ్యం గురించి మమ్మల్ని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడు బాగున్నారు. బీపీ దారికొచ్చింది, మళ్లీ స్టీరింగ్ పట్టారు. దీని వెనక ఎంతమంది చేతులున్నాయో వాళ్లలో వాళ్లకే తెలియదు. ఒకరు చేసింది ఇంకొకరికి తెలియాలని ఇది రాస్తున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు.

మొదటి దండం మా లారీ క్లీనర్ అబ్బాయికి. కళ్యాణదుర్గం వైపు పల్లె పిల్లోడు, ఇంకా మీసాలు సరిగ్గా రాలేదు. ఒక ట్రిప్పు నుంచి రాగానే నన్ను పక్కకు పిలిచి, "వదినా, అన్న పండుకుంటే గురక పెడతా పెడతా ఉన్నట్టుండి గాలి నిలిచిపోతాంది. మళ్లా ఉలిక్కిపడి ఎగపీలుస్తాడు. నాకు భయమైతాంది" అన్నాడు. మాటతో ఆగలేదు, ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకున్నాడు. అందులో మా ఆయన ఛాతీ పైకీ కిందికీ కొట్టుకుంటూనే ఉంది, ముక్కులోంచి మాత్రం చప్పుడే లేదు. అది చూస్తుంటే నా ఊపిరి కూడా ఆగింది. డాక్టరు గారు తర్వాత అన్నారు, అన్ని రిపోర్టుల కన్నా ముందు దారి చూపించింది ఆ వీడియోనేనని.

మా వైపు గురక జబ్బు లెక్కలోకి రాదు. ఒళ్లు అలిసిన మనిషి గాఢంగా నిద్రపోతున్నాడనే అంటారు. కానీ ఆయనకు ఆ నిద్ర ఒంటికి పట్టేది కాదు. ఇంటి దగ్గరున్న రోజు ఎనిమిది గంటలు పడుకున్నా, లేచేసరికి తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం. రాత్రి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేచేవారు. షుగర్ ఏమోనని పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. బీపీకి మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా పైన అంకె 160 కిందికి దిగేది కాదు. పిల్లలతో ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి చిన్న మాటకే కసురుకోవడం మొదలుపెట్టారు. చెప్పిన పని అరగంటలో మరిచిపోయేవారు. ఒకసారి డోన్ దాటాక కన్ను మూతపడి లారీ పక్కకు జారితే, క్లీనరే అరిచి లేపాడు. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఒకచోట చూపిస్తే టెన్షన్ అని నిద్రమాత్ర రాశారు. ఆ చీటీ తీసుకుని పోతే మెడికల్ షాపులోని ఆమె మాత్ర ఇవ్వకుండా, "గురక ఉందా? బండి నడుపుతారా? అయితే ముందు ఛాతీ డాక్టరుకు చూపించండి, ఆయన సరే అంటే అప్పుడు రండి" అన్నారు. అమ్ముకుంటే ఆమెకు నాలుగు రూపాయలు మిగిలేవి. కొన్ని రకాల నిద్రమాత్రలు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయని, ఊపిరి ఆగినప్పుడు మనిషి తేరుకోవడం ఆలస్యమవుతుందని మాకు తర్వాత తెలిసింది. అమ్మా, మీకు మా కుటుంబమంతా రుణపడి ఉంటుంది.

ఛాతీ డాక్టరు గారి గురించి ఎంత రాసినా తక్కువే. ఎనిమిది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మధ్యాహ్నం అన్నం తిన్నాక, బండి ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఇలా ఒక్కో సందర్భంలో కునుకు పట్టే అవకాశం ఎంతో సున్నా నుంచి మూడు దాకా వేయాలి. మొత్తం 24. పది దాటితే పట్టించుకోవాల్సిందే. డ్రైవింగ్ మానేయమంటారేమోనని మా ఆయన అన్నీ తక్కువ వేసి ఆరు దగ్గర ఆపారు. డాక్టరు గారు ఆయన్ను ఒక్క మాట అనలేదు. అదే కాగితం నాకొకటి, క్లీనర్‌కొకటి ఇచ్చి విడివిడిగా నింపమన్నారు. ఇద్దరివీ పదిహేను దాటాయి. "నిద్రపోయే మనిషికి తన నిద్ర కనపడదమ్మా, చూసినవాళ్లే చెప్పాలి" అన్నారు. మెడ కొలవాలంటే టేపు నా సంచిలోనే ఉంది, నేను బట్టలు కుట్టేదాన్ని. పదహారున్నర అంగుళాలు వచ్చింది. పదహారు దగ్గరికొస్తేనే అనుమానించాలట. మా ఆయనకు పెద్ద పొట్ట కూడా లేదు. లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందనుకోవద్దని, దవడ, గొంతు నిర్మాణాన్ని బట్టి సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుందని చెప్పారు.

దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆగితే దాన్ని ఒకసారిగా లెక్కపెడతారు. గంటకు ఐదు దాటితే జబ్బు, ముప్పై దాటితే తీవ్రమైనది. రాత్రంతా చేసే పరీక్షకు తలకు వైర్లు, ఛాతీకీ పొట్టకూ పట్టీలు, వేలికి క్లిప్పు, ముక్కు కింద సన్నటి గొట్టం పెట్టారు. టెక్నీషియన్ బాబు పక్క గదిలో తెల్లవార్లూ తెర ముందు కూర్చున్నాడు. క్లిప్పు ఊడితే వచ్చి మెల్లగా పెట్టేవాడు, వైరు లాగుతుంటే సర్దేవాడు. ఎవరో తెలియని మనిషి నిద్ర కోసం తన నిద్ర మానుకోవడం అతని ఉద్యోగమే కావచ్చు. కానీ పొద్దున మేము బయలుదేరుతుంటే "జాగ్రత్తన్నా, ఈరోజు బండి తోలొద్దు" అని గేటు దాకా వచ్చి చెప్పడం ఉద్యోగం కాదు. రిపోర్టులో గంటకు 43 సార్లు అని ఉంది. రక్తంలో ఆక్సిజన్ 76 శాతం దాకా పడింది.

ఆ రెండు అంకెలతో మా ఇంట్లోని కష్టాలన్నీ ఒక్క తాటి మీదికి వచ్చాయి. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు కొన్ని సెకన్లు మేలుకుని ఒంటిని లేపుతుంది. గుండె వేగం, బీపీ ఒక్కసారి ఎగబాకుతాయి. అందరికీ రాత్రి పడుకున్నప్పుడు బీపీ పది ఇరవై శాతం దిగాలి, ఈయనకు దిగే అవకాశమే లేదు. అందుకే మూడు మాత్రలూ చాలలేదు. మూసుకున్న గొంతుతో గాలి లాగుతుంటే గుండె గదుల మీద ఒత్తిడి పడి, ఒంట్లో నీరెక్కువైందని గుండె అనుకుంటుందట. ఉప్పు, నీరు బయటికి పంపమని సంకేతం పోతుంది. రాత్రి మూత్రానికి లేవడం అందుకే. గాఢనిద్ర దక్కదు కాబట్టి పగలు మతిమరుపు, చిరాకు, కునుకుపాట్లు. ఇట్లాగే వదిలేస్తే షుగర్, గుండె లయ తప్పడం, పక్షవాతం దాకా పోయే ప్రమాదం ఉందన్నారు. గుండె ఆరోగ్యానికి చూసుకోవాల్సిన ఏడు విషయాలకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో నిద్రను ఎనిమిదోదిగా చేర్చిందని కూడా చెప్పారు. ఇదంతా వివరించడానికి డాక్టరు గారు మాకిచ్చిన సమయం, బయట అంతమంది కాచుకుని ఉండగా, మామూలు విషయం కాదు.

వైద్యం కుదుటపడేదాకా లారీ తోలకూడదన్నారు. ఆ మాట వినగానే నాకు ఇల్లు గడిచేదెట్లా అనే దిగులే పట్టుకుంది. ఓనరు గారు వేరే డ్రైవర్ను పెట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. మండీలో తూకం దగ్గర లెక్క చూసే పని ఇచ్చి, జీతం ఆపకుండా చూశారు. అన్నా, ఆ నెలల్లో పిల్లల ఫీజులు కట్టగలిగామంటే మీ వల్లే.

ఇక మిషన్. సీప్యాప్ అంటారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. ధర వేలల్లో ఉంది, మా చేతిలో అంత లేదు. మా వీధి చివర ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తనకూ ఇదే జబ్బని, కొత్తది కొనుక్కున్నాక పాత మిషన్ బీరువాలో ఉందని తెచ్చిచ్చారు. మాస్కు, ట్యూబు, ఫిల్టరు మాత్రం కొత్తవి కొనిపించారు, ఒకరు వాడినవి ఇంకొకరు పెట్టుకోకూడదని. గాలి ఒత్తిడి డాక్టరు గారే మా రిపోర్టు చూసి సరిచేశారు. మొదట్లో మా ఆయన అర్ధరాత్రి మాస్కు పీకి పారేసేవారు. మాస్టారు సాయంత్రాలు వచ్చి, మెలకువగా ఉన్నప్పుడే మాస్కు పెట్టుకుని టీవీ చూడమని అలవాటు చేయించారు. ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు ఈ పద్ధతిని 1981లో ప్రపంచానికి తెలిపారని, అంతకుముందు తీవ్రమైన కేసుల్లో గొంతుకు రంధ్రం చేసి గాలి ఆడేట్టు చేసేవారని ఆయనే చెప్పారు. ఆ మాట విన్నాక మా ఆయన మాస్కును విసుక్కోలేదు.

మా అత్తమ్మ మాత్రం భయపడిపోయింది. ఆఖరి ఘడియల్లో పెట్టే ఆక్సిజనే ఇదని ఒకటే ఏడుపు. మా వార్డు ఏఎన్ఎమ్ వచ్చి, "అవ్వా, దీంట్లో వచ్చేది మన గదిలోని గాలే, సిలిండరు లేదు చూడు" అని మాస్కు ఆమె చేతిలో పెట్టి గాలి తగిలేట్టు చూపించింది. ఇప్పుడు రోజూ పొద్దున మాస్కు కడిగి నీడలో ఆరేసేది మా అత్తమ్మే.

మా లారీ ఎలక్ట్రీషియన్ చేసింది కూడా చెప్పాలి. డ్రైవరు ఇంట్లో పడుకునే రాత్రుల కన్నా క్యాబిన్లో పడుకునేవే ఎక్కువ. లారీ బ్యాటరీ కరెంటు 24 వోల్టులు, మిషన్‌కు నేరుగా ఇస్తే కాలిపోవచ్చు. ఆయన మిషన్ వెనక రాసిన అంకెలు చదివి, తగిన కన్వర్టరు తెప్పించి, ఇంజను ఆపినా మిషన్ నడిచేట్టు, బ్యాటరీ దిగిపోకముందే హెచ్చరిక వచ్చేట్టు బిగించారు. కూలి తీసుకోలేదు. గురక పెట్టే డ్రైవర్లు ఇంకెవరున్నారో వాళ్లకూ చెప్పమన్నారు.

అంతా ఒక్క రాత్రిలో మారిపోలేదు. తలనొప్పి ముందు పోయింది, రాత్రి లేవడం తగ్గింది, బీపీ మెల్లగా దిగింది. ఒక మాత్రను డాక్టరు గారే తీసేశారు, మేము సొంతంగా ఏదీ ఆపలేదు. తాగుడు మానేశారు, పక్కకు తిరిగి పడుకుంటున్నారు, బరువు కొంత తగ్గారు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా కునుకు ఎక్కువ లాగే వేళ కాబట్టి, ఆ టైములో లారీ ఆపుకోవడానికి ఓనరు గారు ఒప్పుకున్నారు. లోడు కాస్త ఆలస్యమైనా మండీవాళ్లు సర్దుకుంటున్నారు, వాళ్లకూ నా కృతజ్ఞతలు. మా చిన్నది మళ్లీ నాన్న పక్కన చేరి కథ చెప్పించుకుంటోంది.

ఇది మగవాళ్ల జబ్బు అనుకోవద్దని డాక్టరు గారు నాకు ప్రత్యేకంగా చెప్పారు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలోనూ పెరుగుతుందట. వాళ్లకు గురక కన్నా నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ నీరసం లాగా కనపడవచ్చు. అక్కలారా, అమ్మలారా, మీరు పడుకున్నప్పుడు ఎలా ఊపిరి తీస్తున్నారో ఇంట్లో ఎవరినైనా గమనించమని అడగండి.

పోయిన నెల మేము కొత్త మిషన్ కొనుక్కున్నాం. మాస్టారు గారిది శుభ్రం చేయించి తిరిగిచ్చాం. అవసరమున్న డ్రైవరు ఎవరైనా ఉంటే ఇవ్వమని ఆయన దాన్ని మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనే పెట్టించారు. రాత్రి పరీక్ష రిపోర్టు, ఎంత ఒత్తిడి పెట్టాలో డాక్టరు రాసిచ్చిన కాగితం, ఈ రెండూ తీసుకుని వస్తే చాలు, డబ్బు అక్కర్లేదు. మాస్కు మాత్రం మీదే తెచ్చుకోండి.