ఎలిక్సిర్‌లో ట్రేసింగ్: ప్రాసెస్‌ల మధ్య తెగే దారం గురించి ఒక ఉత్తరం

హైదరాబాద్

ప్రియమైన శ్రీధర్,

నీ ఉత్తరం అందింది. ఎలిక్సిర్ భాషలో రాసిన మీ అప్లికేషన్‌కు డిస్ట్రిబ్యూటెడ్ ట్రేసింగ్ (ఒక రిక్వెస్ట్ ఎక్కడెక్కడికి వెళ్ళిందో, ఎక్కడ ఎంతసేపు పట్టిందో ట్రేస్ అనే ఒకే దారంగా నమోదు చేయడం) పెట్టాలని అనుకుంటున్నారనీ, వెబ్ రిక్వెస్ట్‌లు చూసే ఫీనిక్స్‌కూ డేటాబేస్‌తో మాట్లాడే ఎక్టోకూ ఓపెన్‌టెలిమెట్రీ అనే ట్రేసింగ్ ప్రాజెక్టు లైబ్రరీలు సిద్ధంగా ఉన్నాయి కాబట్టి ఇది చిన్న పనేనని మీ జట్టులో అందరూ నమ్ముతున్నారనీ రాశావు. ఆ లైబ్రరీలను చేర్చడం నిజంగానే చిన్న పని. అయితే అవి చూపించేది అప్లికేషన్ అంచులను: రిక్వెస్ట్ లోపలికి వచ్చిన చోటును, క్వెరీ డేటాబేస్‌కు వెళ్ళిన చోటును. ఆ రెంటి మధ్య ఒక ప్రాసెస్ (ఎలిక్సిర్‌లో సొంత మెమరీతో విడిగా నడిచే చిన్న పని) నుంచి మరో ప్రాసెస్‌కు పని చేతులు మారిన చాలా చోట్ల ట్రేస్ తెగిపోతుంది, అక్కడ ముడి వేయవలసింది నువ్వే. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది ఆ ముడుల కోసమే.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. గూగుల్ తన అంతర్గత ట్రేసింగ్ వ్యవస్థ అయిన డాపర్ గురించి 2010లో ఒక పత్రం ప్రచురించింది. ఆ స్ఫూర్తితో ట్విట్టర్‌లో జిప్‌కిన్, ఆ తరువాత ఊబర్‌లో జేగర్ అనే ట్రేసింగ్ సాధనాలు పుట్టాయి. ఓపెన్‌ట్రేసింగ్, ఓపెన్‌సెన్సస్ అనే రెండు ప్రాజెక్టులు 2019లో కలిసిపోయి ఓపెన్‌టెలిమెట్రీ అయ్యాయి. ఒక సర్వీసు నుంచి మరో సర్వీసుకు వెళ్ళే ట్రేస్‌పేరెంట్ హెడర్‌ను వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 2020లో ప్రమాణంగా ఖరారు చేసింది. అందులో ఉండేది చాలా తక్కువ: వెర్షన్‌కు 2 అంకెలు, ట్రేస్ గుర్తింపుకు 32 హెక్సా అంకెలు, పేరెంట్ స్పాన్ (ట్రేస్‌లో సమయం కొలిచిన ఒక్కో పని స్పాన్, దాన్ని పుట్టించిన స్పాన్ పేరెంట్) గుర్తింపుకు 16, శాంపిల్ అయిందో (నిల్వకు ఎంపికైందో) లేదో చెప్పడానికి మరో 2. తహసీల్దారు కార్యాలయంలో అర్జీకి ఒక నంబరు వేస్తే, ఆ ఫైలు ఏ సెక్షన్‌కు వెళ్ళినా అదే నంబరు మీద నోటింగ్ రాస్తారు చూడు, ఈ హెడర్ చేసే పని కూడా అంతే. ఏ సెక్షన్ అయినా ఆ నంబరు వేయకుండా కాగితం ముందుకు పంపితే, ఆ తరువాత దాన్ని ఎవరూ పట్టుకోలేరు.

హెచ్‌టీటీపీ మీద ఒక సర్వీసు నుంచి మరొకదానికి వెళ్ళేటప్పుడు హెడర్ చేర్చడానికి లైబ్రరీలు ఉన్నాయి కాబట్టి దాని గురించి నువ్వు బెంగపడనక్కరలేదు. చిక్కు అప్లికేషన్ లోపల ఉంటుంది. ప్రస్తుత స్పాన్ ఏదో తెలియజేసే కాంటెక్స్ట్‌ను ఎర్లాంగ్ (ఎలిక్సిర్‌కు పునాది అయిన వేదిక) ఓపెన్‌టెలిమెట్రీ ప్రాసెస్ డిక్షనరీలో దాచుతుంది. ప్రతి ప్రాసెస్‌కూ సొంతంగా ఉండే ఈ చిన్న నిల్వ, డేటా మారదని మనం భరోసాగా చెప్పుకునే భాషలో మార్చడానికి వీలున్న అరుదైన చోట్లలో ఒకటి. మీ జట్టులో ఫంక్షనల్ శైలిని గట్టిగా పాటించేవారు దీనికి అభ్యంతరం చెబుతారు, వారి మాటలో న్యాయం ఉంది. అలాగని దీన్ని వదిలేస్తే గో భాషలో చేసినట్టు కాంటెక్స్ట్‌ను ప్రతి ఫంక్షన్‌కూ మొదటి ఆర్గ్యుమెంట్‌గా ఇచ్చుకుంటూ పోవాలి, అప్పుడు ధరను లెక్కగట్టే మామూలు ఫంక్షన్ కూడా ట్రేసింగ్ వివరాలను మోయాల్సి వస్తుంది. నా అభిప్రాయం స్పష్టం: ఒకే ప్రాసెస్ లోపల డిక్షనరీని నమ్ముకో, ప్రాసెస్ సరిహద్దు దాటిన ప్రతిసారీ కాంటెక్స్ట్‌ను బాహాటంగా చేతికి అందించు.

ప్రాసెస్‌లు ఏదీ పంచుకోవు కాబట్టి, కొత్తగా పుట్టిన ప్రాసెస్‌కు పాత ప్రాసెస్ డిక్షనరీ వారసత్వంగా రాదు. టాస్క్ అసింక్‌తో పనిని పక్క ప్రాసెస్‌కు అప్పగించావంటే, అందులో తెరిచిన స్పాన్ తల్లి లేని పిల్లలా వేరే ట్రేస్‌గా కనిపిస్తుంది. దీనికి పరిష్కారం ఎలిక్సిర్‌లోనే చక్కగా అమరి ఉంది. టాస్క్‌కు ఇచ్చేది ఒక క్లోజర్ (చుట్టూ ఉన్న వేరియబుల్స్‌ను తనతో తీసుకెళ్ళే ఫంక్షన్) కాబట్టి, బయట ఉండగానే ప్రస్తుత కాంటెక్స్ట్‌ను ఒక వేరియబుల్‌లో పట్టుకుని, క్లోజర్ లోపల మొదటి వరుసలోనే దాన్ని అటాచ్ చేస్తే (ఆ కొత్త ప్రాసెస్ డిక్షనరీలో పెడితే) చాలు. ఎలిక్సిర్ టాస్క్‌లు తమను పిలిచిన ప్రాసెస్‌ల జాబితాను కాలర్స్ అనే పేరుతో కొత్త ప్రాసెస్ డిక్షనరీలో రాసి పెడతాయి. ఆ జాబితాను వెతికి పేరెంట్ కాంటెక్స్ట్‌ను తెచ్చే ప్రాసెస్ ప్రాపగేటర్ అనే లైబ్రరీ కూడా ఉంది. ఎక్టో ప్రీలోడ్‌లు సమాంతరంగా వేరే ప్రాసెస్‌లలో నడిచినా వాటి క్వెరీలు సరైన ట్రేస్‌లోనే కనిపించడానికి ఈ ఏర్పాటే కారణం. నీ సొంత కోడ్‌లో మాత్రం మొదటి పద్ధతినే వాడు, ఎందుకంటే ఆరు నెలల తరువాత కోడ్ చదివేవారికి కాంటెక్స్ట్ ఎక్కడి నుంచి వచ్చిందో కళ్ళముందే కనిపిస్తుంది.

అసలు విలువ దాగి ఉన్నది జెన్‌సర్వర్‌లో (వచ్చిన మెసేజ్‌లను ఒక్కొక్కటిగా వరుసలో చూసే ప్రాసెస్), కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చదువు. మీ స్టాకు లెక్కలు చూసే జెన్‌సర్వర్ ఒకటే ఉందనీ, అన్ని ఆర్డర్లూ దాని గుండానే వెళతాయనీ రాశావు. పిలిచే వైపున కాల్ చుట్టూ ఒక స్పాన్ తెరిచి, పంపే మెసేజ్ టపుల్‌లో (విలువల గుచ్ఛంలో) కాంటెక్స్ట్‌ను కూడా చేర్చి, సర్వర్ వైపున హ్యాండిల్ కాల్ ఫంక్షన్ మొదట్లో దాన్ని అటాచ్ చేసి రెండో స్పాన్ తెరిచావనుకో. జేగర్ తెర మీద రెండు పట్టీలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. పై పట్టీ 1.8 సెకన్ల పొడవుంది, కింది పట్టీ 12 మిల్లీసెకన్లే ఉంది, అదీ కుడి చివరన అతుక్కుని ఉంది అనుకుందాం. ఎడమ వైపున్న ఆ ఖాళీ అంతా మెసేజ్ మెయిల్‌బాక్స్‌లో తన వంతు కోసం నిరీక్షించిన కాలం. సర్వర్ కోడ్ వేగంగానే ఉంది, దాని ముందున్న వరుసే పొడుగ్గా ఉంది. సర్వర్ వైపు ఎంత కొలిచినా 12 మిల్లీసెకన్లే కనిపిస్తాయి కాబట్టి, ఈ సంగతి సర్వర్ లాగ్‌లు (నమోదు చిట్టాలు) చదివితే బోధపడదు. రెండు స్పాన్‌లనూ ఒకే ట్రేస్‌లో చూసినప్పుడే, సర్వర్‌ను సరుకు వారీగా పలు ప్రాసెస్‌లుగా విడగొట్టాలా, చదివే పనులను అన్ని ప్రాసెస్‌లూ నేరుగా చదవగల ఈటీఎస్ అనే మెమరీ టేబుల్‌కు మార్చాలా అన్న చర్చకు ఆధారం దొరుకుతుంది.

పని ముగియగానే కాంటెక్స్ట్‌ను డిటాచ్ చేయడం ఇక్కడ తప్పనిసరి. టాస్క్ ప్రాసెస్ పని అయిపోగానే పోతుంది, దాని డిక్షనరీ కూడా దానితోనే పోతుంది. జెన్‌సర్వర్ అలా కాదు, నెలల తరబడి బతికే ప్రాసెస్ అది. అటాచ్ చేసిన కాంటెక్స్ట్‌ను అలాగే వదిలేస్తే, తరువాత ఏ టైమరు మెసేజో వచ్చి మరో పని మొదలైనప్పుడు, ఆ పని తాలూకు స్పాన్‌లు ఎప్పుడో వెళ్ళిపోయిన ఆర్డర్ ట్రేస్‌కు అతుక్కుంటాయి. తెగిన ట్రేస్ కంటే తప్పుగా అతుక్కున్న ట్రేస్ ఎక్కువ ప్రమాదకరమని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే దాన్ని చూసి ఎవరూ అనుమానించరు. మరో వింత కూడా నీకు కనిపిస్తుంది. కాల్ డిఫాల్ట్ గడువు 5 సెకన్లు దాటి పిలిచినవాడు ఎగ్జిట్ అయినా, మెయిల్‌బాక్స్‌లో ఉన్న మెసేజ్ మాత్రం అక్కడే ఉంటుంది, సర్వర్ దాన్ని తన వంతులో ప్రాసెస్ చేస్తుంది. అప్పుడు పేరెంట్ స్పాన్ ముగిశాక పిల్ల స్పాన్ మొదలవుతుంది. అది ట్రేసింగ్ లోపం కాదు. ఎవరూ ఎదురుచూడని జవాబు కోసం సర్వర్ శ్రమపడుతోందని అది చెబుతోంది.

ఎర్లాంగ్‌లో సీక్వెన్షియల్ ట్రేస్ అనే పాత సదుపాయం ఉంది కదా, అది సరిపోదా అని నువ్వు అడుగుతావని ఊహిస్తున్నాను. ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల కోసం రూపొందిన వేదిక కాబట్టి, మెసేజ్‌తో పాటు ఒక టోకెన్‌ను రన్‌టైమే మోసుకెళ్ళే ఏర్పాటు అందులో అంతర్భాగంగా ఉంది, అది నాకు ఎంతో ఇష్టమైన విషయం. కానీ ఆ టోకెన్ ఎర్లాంగ్ నోడ్‌ల (ఎర్లాంగ్ నడిచే యంత్రాల) బయటికి పోదు. జావాలోనో గోలోనో రాసిన పక్క సర్వీసుకు దాని భాష అర్థం కాదు. ఎర్లాంగ్ నోడ్‌ల లోపల మెసేజ్‌ల వరుసను పరిశోధించడానికి దాన్ని వాడుకో, సర్వీసుల మధ్యకు ఓపెన్‌టెలిమెట్రీయే దిక్కు.

ఫంక్షనల్ భాషల్లో మరో చిక్కు ఉంది, దానిని చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. మనం వైఫల్యాన్ని ఎక్సెప్షన్‌గా కాక విలువగా తిరిగి ఇస్తాం. ఎర్రర్ టపుల్ తిరిగి వచ్చిన ఫంక్షన్, స్పాన్ దృష్టిలో హాయిగా పూర్తయిన ఫంక్షనే. చెల్లింపు విఫలమై వినియోగదారుడికి క్షమాపణ సందేశం వెళ్ళినా, ఆ స్పాన్‌కు ఎర్రర్ గుర్తు పడదు, ఎర్రర్లను మాత్రమే వడపోసి చూసేవారికి ఆ ట్రేస్ ఎప్పటికీ కనిపించదు. అందుకని ఫలితాన్ని ప్యాటర్న్ మ్యాచ్ చేసి, ఎర్రర్ టపుల్ అయితే స్పాన్ స్టేటస్‌ను ఎర్రర్‌గా మార్చి కారణాన్ని అట్రిబ్యూట్‌గా రాసే ఒక చిన్న ఫంక్షన్‌ను తయారు చేసుకుని, అన్ని చోట్లా దాన్నే వాడండి. అయితే ప్రతి ఎర్రర్ టపులూ వైఫల్యం కాదు సుమా! కూపన్ దొరకలేదన్న జవాబు వ్యాపారంలో సహజం, చెల్లింపు గేట్‌వే పలకలేదన్నది వైఫల్యం. ఈ తేడాను మీ జట్టు కూర్చుని నిర్ణయించుకోవాలి, ఏ లైబ్రరీ మీ తరఫున నిర్ణయించలేదు.

ఆలస్యంగా లెక్కగట్టే పద్ధతి కూడా స్పాన్‌లను మోసం చేస్తుంది. స్ట్రీమ్ మ్యాప్ (అడిగినప్పుడే లెక్కగట్టే జాబితా) చుట్టూ స్పాన్ పెడితే, ఆ స్పాన్ కొలిచేది స్ట్రీమ్‌ను నిర్మించిన క్షణాన్ని. అసలు పని ఎక్కడో ఈనమ్ మాడ్యూల్ దాన్ని నిజంగా నడిపించినప్పుడు, ఈ స్పాన్ మూసుకుపోయాక జరుగుతుంది. ఫలితాన్ని వినియోగించే చోటే స్పాన్ ఉండాలి. హాస్కెల్‌లో రాసేవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ, అక్కడ విలువను బలవంతంగా లెక్కగట్టించకపోతే స్పాన్ సమయానికి అర్థమే ఉండదు. అలాగే తనను తానే పిలుచుకుంటూ ఎప్పటికీ నడిచే లూప్‌ను స్పాన్ లోపల పెట్టకు. స్పాన్ మూయాల్సిన పని చివర మిగిలి ఉంటుంది కాబట్టి అది టెయిల్ కాల్ (ఫంక్షన్ చివరి పనిగా చేసే పిలుపు) కాకుండా పోతుంది, స్టాక్ పెరుగుతుంది, స్పాన్ మూతపడదు.

ఓబాన్ అనే లైబ్రరీ ద్వారా వెనక నడిచే జాబుల (పనుల) విషయానికి వస్తే, జాబు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వరుసగా నిలిచి ఎప్పుడో నడుస్తుంది కాబట్టి, ట్రేస్ వివరాలను జాబు మెటాలో (అదనపు వివరాల గడిలో) రాసి పంపాలి. అక్కడ పేరెంట్‌గా కాకుండా లింక్‌గా (వేరు ట్రేస్‌ల మధ్య సూచికగా) కలపడం మేలని నా సలహా. రాత్రి పంపే రసీదు ఈమెయిలు కోసం మధ్యాహ్నపు ఆర్డర్ ట్రేస్ గంటల పొడవు సాగితే దానిని ఎవరూ చదవలేరు. ఎన్నో ఆర్డర్లను కలిపి ఒకే బ్యాచ్‌గా నడిపే పనికైతే పేరెంట్ ఒకటే ఉండటం సాధ్యం కాదు, లింకులు తప్ప మార్గం లేదు.

ఇక స్పాన్‌లు ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. ధర, పన్ను, రాయితీ లెక్కగట్టే స్వచ్ఛమైన ఫంక్షన్‌లలో స్పాన్ వద్దు. వాటి ఇన్‌పుట్ తెలిస్తే ఫలితాన్ని ఎప్పుడైనా మళ్ళీ రాబట్టవచ్చు, కాబట్టి ఆ ఇన్‌పుట్‌లోని ముఖ్యమైన రెండు మూడు విలువలను బయటి స్పాన్‌కు అట్రిబ్యూట్‌లుగా రాయడం చాలు. ఏ విలువలు రాయాలో మాత్రం జాగ్రత్త. ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, చిరునామా ట్రేస్‌లోకి వెళ్ళకూడదు. ట్రేస్ నిల్వను మీ జట్టులో అందరూ తెరిచి చూస్తారు, పైగా 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిన తరువాత ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఆర్డర్ గుర్తింపు సంఖ్య ఉంటే పరిశోధనకు సరిపోతుంది.

రిలీజ్ తయారు చేసేటప్పుడు ఓపెన్‌టెలిమెట్రీ అప్లికేషన్‌ను టెంపరరీగా ప్రకటించడం మరిచిపోకు, లేకపోతే ట్రేసింగ్ కూలినప్పుడు మీ దుకాణం కూడా దానితో పాటు కూలుతుంది. శాంపిలింగ్ (కొన్ని ట్రేస్‌లనే ఎంచి నిల్వ చేయడం) గురించి ఇప్పుడే తల పట్టుకోనక్కరలేదు. మొదట అన్నీ సేకరించండి, భారం పెరిగాక పేరెంట్ నిర్ణయాన్ని పాటించే పద్ధతికి మారండి. విఫలమైన ట్రేస్‌లన్నీ తప్పక కావాలనుకుంటే, ట్రేస్ పూర్తయ్యాక నిర్ణయించే పనిని ట్రేస్‌లను పోగుచేసే ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్ ప్రోగ్రామ్‌కు అప్పగించండి.

మీ సూపర్విజన్ ట్రీ (ఏ ప్రాసెస్ దేన్ని కనిపెట్టుకుని ఉంటుందో చూపే చెట్టు) బొమ్మ గీసి పంపు, చేత్తో గీసినా ఫరవాలేదు. ఏ ప్రాసెస్ దేనికి మెసేజ్ పంపుతుందో బాణాలు పెట్టి, ఏది కాలో (జవాబు కోసం ఆగేది) ఏది కాస్టో (ఆగనిది) పక్కన రాయి. ఎక్కడ పేరెంట్ కావాలో, ఎక్కడ లింక్ చాలునో గుర్తులు పెట్టి తిరుగు టపాలో పంపుతాను. మొదట స్టాకు జెన్‌సర్వర్‌తోనే మొదలుపెట్టండి.

నీ మిత్రుడు,
రవి