ఆ గ్రూపులో గెలుపే వినిపిస్తుంది

సంపాదక మహాశయులకు నమస్కారం.

క్రికెట్ పందేలలో అప్పులపాలైన యువకుల గురించి వార్త వచ్చినప్పుడల్లా అందులో యాప్ ప్రస్తావన, అప్పు మొత్తం, తల్లిదండ్రుల వేదన ఉంటున్నాయి గాని, ఆ కుర్రవాణ్ణి ఆ యాప్ దాకా చేయి పట్టుకుని నడిపించిన టెలిగ్రామ్ ఛానెల్ గురించీ, వాట్సాప్ గ్రూపు గురించీ చాలా అరుదుగా చదువుతున్నాను. ఈ వెలితి ఎంత పెద్దదో ఐపీఎల్ రోజుల్లో మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు, కాలేజీ ఫీజుకని మా చెల్లెలు ఇచ్చిన డబ్బంతా పోగొట్టుకున్న తరువాత, తనంతట తానే ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ‘‘మావయ్యా, ఇదంతా చదివితే మీకే అర్థమవుతుంది’’ అన్నాడు. ఆ రాత్రి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. పొద్దున్నే ‘గుడ్ మార్నింగ్ ఫ్యామిలీ’ అన్న పలకరింపు. సాయంత్రం ఏడు గంటలకు టాస్ పడేముందు ‘ఈ రోజు మ్యాచ్ పక్కా’ అన్న మాట, యాప్‌లో పందెం కాయడానికి ఐడీ, అంటే ఖాతా, కావాలంటే ఫలానా నంబరుకు మెసేజ్ పెట్టమన్న సూచన. మొదటి ఆరు ఓవర్లలో ఎన్ని పరుగులు వస్తాయన్న దానిపై వేరే పందెం; దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘సెషన్’. డబ్బు పంపాల్సిన యూపీఐ ఖాతా మూడు నాలుగు రోజులకోసారి కొత్త పేరుతో మారుతుంది. చెప్పింది తప్పితే ఆ మెసేజ్ అరగంటలో మాయమై, ‘రేపు రికవరీ మ్యాచ్, ఎవరూ కంగారు పడవద్దు’ అన్నది ప్రత్యక్షమవుతుంది. నెలన్నరలో మావాడు ఆ గ్రూపులో తన కష్టం చెప్పుకున్నది ఒక్కసారే: ‘అన్నా, మొత్తం పోయింది, అవి ఫీజు డబ్బులు.’ దానికి సభ్యులెవరూ బదులివ్వలేదు. అడ్మిన్ మాత్రం విడిగా, ‘బ్రో, గ్రూపులో నెగెటివ్‌గా పెట్టకు’ అని రాశాడు.

మా భీమవరం వైపు పందెం కొత్త సంగతి కాదు. సంక్రాంతి బరుల దగ్గర చితికిపోయిన కుటుంబాలను చూశాను కనుక వాటిని సమర్థించే ఉద్దేశం నాకు లేదు. అయినా బరి దగ్గర ఓడినవాడి ముఖం పదిమందికీ కనబడేది. జేబు ఖాళీ అయినవాణ్ణి పక్కవాడు ‘ఇక చాలు, ఇంటికి పద’ అని భుజం పట్టి లాక్కుపోయేవాడు. ఈ గ్రూపులలో గెలిచినవారి స్క్రీన్‌షాట్లే తప్ప ఓడినవారి జాడ ఉండదు. 2022 నుంచి వాట్సాప్ గ్రూపును విడిచిపెడితే ఆ విషయం అడ్మిన్‌కు తప్ప తోటి సభ్యులకు తెలియజేయడం లేదు. మామూలు గ్రూపులకు మర్యాదగా ఉన్న ఈ ఏర్పాటు పందేల గ్రూపులో చేసే పని వేరు. నష్టపోయినవాడు చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతాడు. మిగిలినవారు అందరూ గెలుస్తున్నారనీ, తాము మాత్రమే వెనకబడ్డామనీ అనుకుంటారు.

లెక్కలు చెప్పి బతికినవాణ్ణి కనుక మరో సంగతి వివరిస్తాను. ఒక మోసగాడు 8,000 మందిలో సగానికి ఒక జట్టు గెలుస్తుందనీ, మిగతా సగానికి ఎదుటి జట్టు గెలుస్తుందనీ పంపుతాడు. తప్పు సమాచారం అందినవారిని వదిలేసి, మిగిలిన 4,000 మందిని మళ్లీ రెండుగా విడగొడతాడు. అయిదు మ్యాచ్‌లు గడిచేసరికి, వరసగా అయిదుసార్లూ సరైన జోస్యం అందుకున్నవారు 250 మంది మిగులుతారు. వాళ్ల దృష్టిలో అతడు ముందే అన్నీ తెలిసినవాడు. ‘వీఐపీ గ్రూపు’ ప్రవేశ రుసుము అడిగేది వాళ్లనే. దీనికి క్రికెట్ తెలియనక్కరలేదు, రెండుతో భాగించడం వస్తే చాలు. అదిగాక, తాను చేర్పించిన మనిషి పోగొట్టుకున్న సొమ్ములోనూ అడ్మిన్‌కు వాటా ముట్టే పద్ధతి ఉంది.

చట్టాలు లేవని కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్లపై పోలీసులు కేసులు పెట్టారు. ఆ ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిర్వహిస్తే మూడేళ్ల వరకు, వాటికి ప్రకటనలు ఇస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష ఉంటుందని చెబుతున్నది. పేరున్నవారు అందరికీ కనబడతారు కనుక వారిని పట్టుకోవడం సాధ్యమైంది. పేరూ ఊరూ తెలియని అడ్మిన్ మాత్రం ఒక ఛానెల్ మూతపడగానే అదే సభ్యులకు కొత్త లింకు పంపుతాడు. ఆ లింకు కూడా ప్రకటనే అని గుర్తించి, డబ్బు చేరే ఖాతాల వెంట దర్యాప్తు సాగినప్పుడే ఈ వల తెగుతుందని నా అభిప్రాయం. ఆ కేంద్ర చట్టం ఆడినవారికి శిక్ష పెట్టలేదన్న సంగతిని కూడా పత్రికలు పదేపదే రాయాలి, ఎందుకంటే పోలీసుల భయంతో పిల్లలు ఇంట్లో నోరు విప్పడం లేదు. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులకున్న 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చన్న విషయం కూడా మావాడికి తెలియలేదు.

వచ్చే ఐపీఎల్ మొదలయ్యేలోగా ఈ గ్రూపులు ఎలా నడుస్తాయో వివరంగా ఒక కథనం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. మా మేనల్లుడి సమ్మతితో, సభ్యుల పేర్లూ నంబర్లూ తీసివేసి, ఆ సంభాషణల ప్రతులను ఈ ఉత్తరానికి జతపరుస్తున్నాను. మీ విలేకరి మాట్లాడదలిస్తే వాడు సిద్ధంగా ఉన్నాడు.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
భీమవరం