చర్చి దాకా మన పిల్లల నడక

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఏడో తరగతి పిల్లలను మెదక్ చర్చి దాకా నడిపించుకుంటూ తీసుకెళ్లాం. రోజూ కనిపించే చర్చే కదా, కొత్తగా చూసేదేముందని మీలో కొందరు అడిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర 1914లో ఈ చర్చి పని మొదలుపెట్టించారు. అది కరువు కాలం. గింజల్లేక అల్లాడుతున్న చుట్టుపక్కల ఊళ్ల జనానికి ఈ కట్టుబడి పనిలోనే కూడు దొరికింది. 1924 డిసెంబర్ 25న చర్చిని ప్రారంభించారు. గోపురం ఎత్తు 175 అడుగులని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు రాసుకుని ఊరుకున్నారు. దాని కింద నిలబడి తలెత్తి చూశాక మాత్రం, అంత పైకి రాళ్లెట్ల మోసిండ్రని వాళ్లే అడిగారు. ఆ మోసినవాళ్లలో మన పిల్లల ముత్తాతలు, ముత్తవ్వలు కూడా ఉండి ఉండొచ్చు. మీ ఇంట్లో పెద్దలకు అలాంటి ముచ్చట తెలిస్తే దయచేసి పిల్లలకు చెప్పించండి.

లోపల ఎక్కువసేపు గడిపింది రంగుటద్దాల కిటికీల దగ్గరే. బయటి నుంచి చూస్తే అవి నల్లగా, ఏ బొమ్మా లేనట్టు ఉంటాయి. లోపలికి వెళ్లి చూస్తే ఎండ పడి రంగులు వెలుగుతాయి. బలిపీఠం వెనక కిటికీలో క్రీస్తు ఆరోహణం, అంటే పరలోకానికి వెళ్లడం, తూర్పు కిటికీలో సిలువ, పడమటి కిటికీలో జననం. మేం పొద్దున వెళ్లాం కాబట్టి తూర్పు కిటికీ బాగా వెలిగింది. పడమటి కిటికీ చూడాలంటే పొద్దు వాలేటప్పుడు వెళ్లాలి. ఆ పని మీకే వదిలేస్తున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పాత ఇళ్ల మధ్య నుంచి వచ్చాం. పెంకుటిళ్లు, అరుగులు, చెక్కిన దర్వాజాలు, గోడల్లో దీపపు గూళ్లు. ఒక అవ్వ పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, దూలాలు చూపించింది. ఇలాంటి ఇళ్లు ఏటా తగ్గిపోతున్నాయి. కూల్చేవాళ్లను నేను తప్పుపట్టను, కురిసే కప్పు కింద ఉండేవాళ్ల కష్టం వాళ్లకే తెలుసు. కానీ కూల్చేముందు పిల్లలతో ఒక్క బొమ్మైనా గీయించండి.

వచ్చే నెల ఎనిమిదో తరగతి వంతు. మీ పాత ఇంటిని పిల్లలకు చూపించడం మీకు ఇష్టమైతే క్లాస్ టీచరుకు చీటీ పంపండి. పిల్లలకు టోపీ, నీళ్ల సీసా ఇచ్చి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు