గూడబాతుల తరఫున ఒక ఉత్తరం

అటవీ శాఖ అధికారి గారికి,

నమస్కారం. మాది తిరుపతి. సెలవు దొరికితే కొండదారో, చెరువుగట్టో పట్టుకుని నడవడం అలవాటు. మొన్న జనవరిలో చీకటితోనే బయల్దేరి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాం. చెరువులోని నీటి కడప చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు). ఒక పిల్ల తల్లి నోటి సంచిలోకి తలంతా దూర్చి చేప లాక్కుంటోంది. తల్లి మెడ ఊగిపోతోంది. మా అబ్బాయి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే వెనక, చూడవచ్చిన కుర్రాళ్ల బ్లూటూత్ స్పీకర్ మోగింది. వద్దు బాబూ అంటే, "పక్షులకు పాటలు పడవా అంకుల్?" అని నవ్వారు. దగ్గరి చెట్టు మీది పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పిల్లలు గూళ్లలోనే మిగిలాయి. కాకులకు అంతకన్నా ఏం కావాలి?

ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులకు తెలుసు. తెలియనిది మనలాంటి చూడవచ్చినవాళ్లకే.

పులికాట్ సరస్సు దగ్గరా ఇదే గోల. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. సాయంత్రం ఇటుక రంగు నీళ్లలో గులాబీ రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు. (ఆ గులాబీ పుట్టుకతో వచ్చింది కాదు, తినే నాచు, రొయ్యల వల్ల వచ్చేది.) ఎగిరితే ఫొటో బాగుంటుందని హారన్ కొట్టేవాళ్లను చూశాను.

పక్షులు గూళ్లు కట్టే కాలంలో, అక్టోబర్ నుంచి మార్చి దాకా, స్పీకర్లను గేటు దగ్గరే ఉంచుకుని, వెళ్లేటప్పుడు ఇవ్వండి. గట్టు మీద కాపలాకు ఊరి కుర్రాళ్లనే పెట్టండి. వాళ్ల మాటైతే వింటారు.

ఇట్లు,
ఒక పక్షుల పిచ్చోడు, తిరుపతి