అక్కకీ తమ్ముడికీ, నా ల్యాప్‌టాప్ తరఫున

ఇద్దరూ పేర్లు రాయొద్దన్నారు. కాబట్టి ఒకరు అక్క, ఒకరు తమ్ముడు. అక్క నా ఫ్రెండ్ వాళ్ళ అక్క, తమ్ముడు ఇంకో ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు. ఇద్దరినీ నేనింతవరకు చూడలేదు.

ప్రాజెక్టు పనికి లినక్స్ (విండోస్‌లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్) కావాల్సొచ్చింది. విండోస్ 11 తీసేసే వీల్లేదు, పాత పనంతా అందులోనే ఉంది. సరే, రెండూ ఉంచుకుందామని రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించాను. ఇన్‌స్టాలర్ కాస్త ముందుకెళ్ళి, ఈ కంప్యూటర్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (డిస్క్‌ని నడిపే ఇంటెల్ వాళ్ళ పద్ధతి) ఆన్‌లో ఉంది, ఆపేసి రమ్మని చెప్పి ఆగిపోయింది. ఓ వీడియో చూస్తే, బయోస్‌లో (విండోస్ కంటే ముందే లేచే మదర్‌బోర్డు సెట్టింగులు) స్టోరేజ్ దగ్గర, ఆర్‌ఎస్‌టీ బదులు ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చి సేవ్ చేస్తే చాలన్నాడు. అర నిమిషం పని. ఆ లైను దాకా వెళ్ళాను కూడా. ఎందుకో మనసొప్పక ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే, "ఆగరా, అక్కకిస్తా" అన్నాడు.

అక్క ఎలా చేయాలో చెప్పలేదు. ముందు అడగడం మొదలుపెట్టింది.

"బిట్‌లాకర్ ఉందా? అదే, డిస్క్‌కి విండోస్ వేసే తాళం."

"లేదక్కా, నేనేం పెట్టలేదు."

"నువ్వు పెట్టకపోయినా అదే పెట్టుకుంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనే కదా లాగిన్ అయ్యావ్?"

సెట్టింగ్స్‌లో చూస్తే డివైస్ ఎన్‌క్రిప్షన్ అన్న పేరుతో ఆ బిట్‌లాకరే ఆన్‌లో ఉంది. ఇన్నాళ్ళూ ఆ సంగతే తెలీదు నాకు. వెంటనే ఆ తాళం తీసే రికవరీ కీ వెతికించింది. 48 అంకెలు, ఆరేసి చొప్పున 8 గుంపులు. స్క్రీన్‌షాట్ తీసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నానని గొప్పగా చెప్పాను. "అంటే తాళం పడే ఇంట్లోనే చెవి పెట్టి బయటికొస్తావా?" అంది. కాగితం, పెన్ను తెచ్చుకోక తప్పలేదు.

రాశాక, ఒక్కో గుంపునూ 11తో భాగించి చూడమంది. ఆ కీలో ప్రతి గుంపూ 11తో శేషం లేకుండా పోతుందట. ఐదో గుంపు పోలేదు. తొందరలో 7ని 1గా రాశాను. ఇలాంటిది కూడా ఒకటుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఏహెచ్‌సీఐ సంగతి అప్పుడు చెప్పింది. విండోస్ బూట్ అయ్యేటప్పుడు తనకు అలవాటైన స్టోరేజ్ డ్రైవర్‌నే (డిస్క్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లోడ్ చేస్తుంది. మనం చెప్పాపెట్టకుండా బయోస్‌లో మార్చేస్తే డిస్క్ దొరక్క నీలం స్క్రీన్ ఇచ్చి కూర్చుంటుంది. మళ్ళీ పాత సెట్టింగే పెడితే లేస్తుందట కానీ, అర్ధరాత్రి ఒంటరిగా ఉన్నవాడికి అది తట్టొద్దూ? కాబట్టి ముందు విండోస్‌కి, వచ్చేసారి సేఫ్ మోడ్‌లో (తప్పనిసరైనవి మాత్రమే లోడ్ చేసుకుని) లేవమని చెప్పాలి. అప్పుడు బయోస్‌లో మార్చాలి. సేఫ్ మోడ్‌లో అది కొత్త డ్రైవర్‌ని పట్టుకున్నాక, ఆ సేఫ్ మోడ్ తీసేసి మామూలుగా స్టార్ట్ చేసుకోవాలి.

ఇవన్నీ చేసే ముందు బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపమని కూడా చెప్పింది. నేను మర్చిపోయాను. రీస్టార్ట్ కాగానే, బయోస్ మారిందని పసిగట్టిన బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంటూ స్క్రీన్ నిండా నీలం. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్‌లో అక్క మాత్రం, "కాగితం తీయ్" అంది, అంతే. ఒక్కో గుంపూ నేను పైకి చదువుతూ కొట్టాను. ఎనిమిదోది అవ్వగానే సేఫ్ మోడ్ వచ్చింది. ఆ 7 సరిచేసుకోకపోయి ఉంటే నా మొహం ఎలా ఉండేదో!

డిస్క్‌లో చోటు చేయడం తేలిగ్గానే అయింది. ఉబుంటు ఇన్‌స్టాలర్‌తో కాకుండా విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే సీ డ్రైవ్‌ని తగ్గించమంది. బోలెడు ఖాళీ ఉన్నా విండోస్ మొదట కొంచెమే ఇస్తానంది. హైబర్నేషన్ (నడుస్తున్న పనిని డిస్క్‌లో దాచి ఆగడం) ఆపాక కావాల్సినంత ఇచ్చింది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోయింది. పోవాలి కూడా. అది ఉంటే విండోస్ షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, ఆ డ్రైవ్‌లో ఉబుంటు నుంచి ఏమీ రాయనివ్వదు.

ఉబుంటు ఎక్కింది. సంబరంగా రీస్టార్ట్ చేస్తే, ఏ ఓఎస్ కావాలో అడిగే మెనూలో ఉబుంటు ఒక్కటే ఉంది! విండోస్ గల్లంతు. అప్పటికి అక్క పడుకుంది, లేపబుద్ధి కాలేదు. అప్పుడు దొరికాడు తమ్ముడు. ఇంకా కాలేజీలో చదువుతున్నాడు. "అన్నా, ఎక్కడికీ పోలేదు, ఆ మెనూ చూపించే గ్రబ్ వెతకలేదంతే" అన్నాడు. పక్కనున్న ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి భద్రత కోసం మామూలుగా ఆపే ఉంచుతున్నారట. గ్రబ్ సెట్టింగుల ఫైల్లో ఒక లైను మార్పించి, సుడో అప్‌డేట్-గ్రబ్ అనే కమాండ్ కొట్టమన్నాడు. విండోస్ బూట్ మేనేజర్ దొరికిందని టెర్మినల్‌లో ఒక లైను పడింది. ఆ లైనుని ఎన్నిసార్లు చదువుకున్నానో.

ఆ మెనూ నుంచి విండోస్‌లోకి వెళ్తే మొదటిసారి మళ్ళీ ఆ 48 అంకెలూ అడిగింది. ఈసారి భయం వేయలేదు. మర్నాడు విండోస్‌లో టైమ్ గంటల తేడాతో తప్పు చూపించింది. మదర్‌బోర్డు గడియారాన్ని విండోస్ లోకల్ టైమ్ అనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. దానికీ తమ్ముడే ఒక కమాండ్ పంపాడు.

అక్కా, నీ రాత్రి నిద్ర రెండు గంటలు నేను తినేశాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు నువ్వు. చాలా థాంక్స్. తమ్ముడూ, పరీక్షల టైమ్‌లో కూడా ఫోన్ ఎత్తావు, నీకు రుణపడ్డాను. కొత్త ఎస్‌ఎస్‌డీ కొన్న రోజున మళ్ళీ నీకే ఫోన్ చేస్తాను, ఇప్పుడే చెప్తున్నా.

అన్నట్టు అక్కా, ఆ కాగితం నిన్నటిదాకా ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంది. తిట్టకు. ఈ పొద్దున తీసి బీరువాలో పెట్టాను.