బ్యాక్టీరియా సంగతి తర్వాత, ముందు బోరు నీళ్ల లెక్క చూపండి

సంపాదకుడు గారికి,

తుమ్మలపల్లె యురేనియం కర్మాగారం వ్యర్థాల చెరువు (టెయిలింగ్ పాండ్) మాట వచ్చినప్పుడల్లా ‘యురేనియాన్ని తినే బ్యాక్టీరియా ఉందట, వదిలితే సరి’ అనేవాళ్లు కనిపిస్తున్నారు. అది తినదు. నీళ్లలో కరిగి ఉన్న యురేనియానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి కరగని రూపంలోకి మారుస్తుంది, అంతే. రేడియోధార్మికత పిసరంత కూడా తగ్గదు. ఆ వ్యర్థాల్లోనే ఉండే మరో రేడియోధార్మిక మూలకం రేడియం జోలికైతే ఈ పద్ధతి పోనే పోదు.

అమెరికాలోని రైఫిల్ అనే ఊరి దగ్గర 2002లో భూమిలోకి మేతగా అసిటేట్ పంపి, యురేనియాన్ని ఇలా మార్చే జియోబాక్టర్ అనే అక్కడి బ్యాక్టీరియాను పెంచారు. వారాల్లోనే నీళ్లలో యురేనియం పడిపోయింది. అసిటేట్ పోస్తుండగానే మళ్లీ పెరిగింది కూడా! జియోబాక్టర్ వాడుకోదగ్గ ఇనుము మట్టిలో అయిపోయేసరికి, సల్ఫేట్ మీద బతికే బ్యాక్టీరియా ఆ మేత కాజేసింది.

మన దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడి ఖనిజం ఉన్న వేంపల్లె డోలమైట్ (సున్నపురాయి లాంటిది) రాయి ఆమ్లాన్ని తాగేస్తుంది కనుక ఇక్కడ ఖనిజాన్ని సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌తో కరిగిస్తారు. కార్బొనేట్, కాల్షియం కలిసి యురేనియాన్ని పట్టుకుంటే జియోబాక్టర్ పని బాగా మందగిస్తుంది. అరటి, చీనీ తోటల యూరియా నైట్రేటై కిందికి దిగితే బ్యాక్టీరియా ముందు దాన్నే వాడుకుంటుంది. అప్పటికే పేరుకున్న యురేనియాన్ని ఆ నైట్రేటే మళ్లీ కరిగించగలదు. నీటిమట్టం పడిపోయి గాలి చొరబడినా అంతే.

మన పరిస్థితికి దగ్గరగా ఉన్నది బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పద్ధతి. స్ఫింగోమోనాస్ బ్యాక్టీరియా నుంచి ఫాస్ఫేట్‌ను విడదీసే ఎంజైమ్ (ఫాస్ఫటేజ్) జన్యువు తీసి ఇ-కొలై అనే మరో బ్యాక్టీరియాలో పెట్టారు. పీహెచ్ 9 దగ్గర, అంటే క్షార గుణమున్న కార్బొనేట్ ద్రావణంలోనే, 90 శాతానికి పైగా యురేనియం రెండు గంటల్లోపు ఫాస్ఫేట్‌గా అడుక్కి దిగింది. అయితే ఇది తొట్టిలో చేసే పని, బోరులో కాదు. ఫాస్ఫేట్ ఇచ్చే రసాయనం కొనాలి, మిగిలిన బురదను మళ్లీ దాచాలి.

ఏది చేయాలన్నా ముందు నీళ్ల లెక్క కావాలి. బోరు పది పదిహేను నిమిషాలు నడిపాకే నమూనా పట్టాలి. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ఆ తర్వాతే నైట్రిక్ ఆమ్లం కలపాలి. వడకట్టకుండా కలిపితే బంకమట్టిలోని యురేనియం కూడా కరిగి అంకె ఎక్కువ చూపిస్తుంది. నైట్రేట్, బైకార్బొనేట్‌కు ఆమ్లం వేయని సీసా వేరే ఉండాలి, అదీ ఐసులో. కరిగిన ఆక్సిజన్ బోరు దగ్గరే కొలవాలి.

ఈ అంకెలు మూడు నెలలకోసారి వేముల మండల సచివాలయాల గోడ మీద తెలుగులో అంటించాలి. లీటరుకు 30 మైక్రోగ్రాములన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితితో పోల్చారో, 60 అన్న అణుశక్తి నియంత్రణ మండలి పరిమితితో పోల్చారో కూడా రాయాలి. అంతదాకా ఎక్కువున్న ఊళ్లలో తాగడానికి ఆర్‌వో నీళ్లివ్వాలి, దాని వృథా నీటిని తోటలకు మళ్లించకూడదు. కాచి తాగమని మాత్రం ఎవరూ చెప్పకండి, కాస్తే యురేనియం ఇంకా చిక్కబడుతుంది.

– ఒక పాఠకుడు, పులివెందుల, కడప జిల్లా